స్కాన్ చేసినవారికి మనం జవాబు బాకీ: వ్యాపార ప్రచారంలో, ఉద్యోగ నియామకాల్లో క్యూఆర్ కోడ్

(విజయవాడలో చిన్న పరిశ్రమల నిర్వాహకులు, దుకాణదారులు, కళాశాలల ప్లేస్‌మెంట్ అధికారులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని అక్షరబద్ధం చేశాం. తడబాట్లు మాత్రమే తొలగించాం.)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను. ఈ హాలులో క్యూఆర్ కోడ్‌ను ఒక్కసారి కూడా స్కాన్ చేయనివారు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యి ఎత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. ఇప్పుడు రెండో ప్రశ్న. డబ్బు కట్టడానికి కాకుండా, ఏదైనా ప్రకటన మీదనో కరపత్రం మీదనో ఉన్న కోడ్‌ను ఈ నెలలో స్కాన్ చేసినవారు ఎంతమంది? నాలుగైదు చేతులు కనిపిస్తున్నాయి, అంతే. మీలో చాలామంది మీ మీ ప్రకటనల మీద కోడ్ అచ్చు వేయించినవారే. అచ్చు వేయించిన మనమే ఇతరుల కోడ్‌ను స్కాన్ చేయకపోతే, మన కోడ్‌ను ఎవరు స్కాన్ చేస్తారు?

ఈ తేడా ఎందుకు వచ్చింది? కిరాణా కొట్టులో కోడ్‌ను స్కాన్ చేసేటప్పుడు తర్వాత ఏమి జరుగుతుందో మనకు ముందే తెలుసు. దుకాణం పేరు వస్తుంది, మొత్తం వేస్తాం, పిన్ కొడతాం, కౌంటరు మీది పెట్టె డబ్బు అందిందని పైకి చెబుతుంది, పని పూర్తవుతుంది. ప్రకటన మీది కోడ్ విషయంలో ఇవేవీ తెలియవు. స్కాన్ చేస్తే ఏదో వీడియో వస్తుందా, యాప్ దింపుకోమంటుందా, నంబరు అడిగి రేపటి నుంచి రోజూ ఫోన్లు చేస్తారా, ఏమీ తెలియదు. తెలియనప్పుడు మనిషి ఫోను జేబులోంచి తీయడు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే మాట. ఫోను తీసి మన కోడ్ మీద పెట్టిన మనిషి మనల్ని ఒక ప్రశ్న అడుగుతున్నాడు, ఆ ప్రశ్నకు మనం జవాబు బాకీ పడుతున్నాం. సరుకు అమ్ముకునేటప్పుడైనా, పనివారిని పిలిచేటప్పుడైనా, ఈ బాకీ తీర్చే ఏర్పాటు చేసుకున్న తర్వాతే కోడ్ అచ్చు వేయించాలి. మిగిలినదంతా ఈ మాటకు వివరణే.

ఆటోనగర్ నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు కాబట్టి మొదట ఈ కోడ్ పుట్టుక గురించి చెప్పాలి. ఇది పుట్టింది ప్రకటనల కోసం కాదు, చెల్లింపుల కోసమూ కాదు. మీరు రోజూ చేతులతో పట్టుకునే మోటారు విడిభాగాల కోసం పుట్టింది. జపానులో డెన్సో అనే సంస్థ ఉంది, టొయోటా కుటుంబానికి చెందినది, కార్ల విడిభాగాలు చేస్తుంది. అక్కడ విడిభాగాల పెట్టెల మీద గీతల బార్‌కోడ్‌లు అంటించేవారు. గీతల బార్‌కోడ్ అంటే మనకు సూపర్ మార్కెట్‌లో తెలిసినదే. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో చూయింగ్ గమ్ పొట్లం మీద దానిని మొదటిసారి స్కాన్ చేశారు. అయితే ఆ గీతల్లో ఇమిడేది 20 అక్షరాల పాటి సమాచారమే. కర్మాగారంలో అది చాలలేదు. ఒక్కొక్క పెట్టె మీద పది దాకా బార్‌కోడ్‌లు అంటించవలసి వచ్చేది, ప్రతిదానినీ విడివిడిగా స్కాన్ చేయవలసి వచ్చేది. పనివారు అలసిపోయారు, ఇంతకంటే మంచి పద్ధతి కావాలని అడిగారు. మసాహిరో హారా అనే ఇంజనీరు నాయకత్వంలో ఒక చిన్న బృందం ఆ పనికి పూనుకుని 1994లో క్యూఆర్ కోడ్‌ను తయారు చేసింది. ఒక కార్మికుడి ఇబ్బంది నుంచి పుట్టిన వస్తువు ఇది. ఆ సంగతిని మనం మనసులో పెట్టుకోవాలని నా కోరిక.

కోడ్‌కు మూడు మూలల్లో పెద్ద చదరాలు ఉంటాయి, గమనించారా? పొలానికి హద్దురాళ్లు ఎలాగో కోడ్‌కు ఆ చదరాలు అలాగ. కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ వైపుకు తిరిగి ఉందో కెమెరాకు చెప్పేవి అవే. ఆ చదరం మధ్యగా ఏ దిక్కున గీత గీసినా నలుపు తెలుపుల కొలత 1:1:3:1:1 అనే నిష్పత్తిలోనే వస్తుంది. ఈ నిష్పత్తిని వారు ఎలా పట్టుకున్నారు? కరపత్రాలు, పత్రికలు, అట్టపెట్టెలు, ఇలా అచ్చయిన కాగితాలను పెద్ద సంఖ్యలో ముందు వేసుకుని, వాటిలో అన్నిటికంటే అరుదుగా కనిపించే నలుపు తెలుపుల నిష్పత్తి ఏదో వెతికి దానిని ఎంచుకున్నారు. పక్కన ఎంత అచ్చు ఉన్నా కెమెరా తికమక పడకుండా కోడ్‌నే పట్టుకునేది అందుకే. డెన్సో సంస్థ పేటెంటు తన దగ్గరే ఉంచుకున్నా, ప్రమాణాల ప్రకారం కోడ్‌ను వాడుకునేవారి మీద ఆ హక్కును ప్రయోగించబోమని ప్రకటించింది. 2000లో ఇది అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఈ రోజు మీ దుకాణానికి కోడ్ చేసుకుంటే ఎవరికీ రాయల్టీ కట్టనక్కరలేదంటే ఆ నిర్ణయమే కారణం.

జపానులో 2002 నాటికే ఈ కోడ్‌ను చదివే కెమెరా ఫోన్లు బజారులోకి వచ్చాయి. అమెరికా, ఐరోపా దేశాల్లో 2011 ప్రాంతంలో ప్రకటనకర్తలు దీని మీద పడ్డారు. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో అమెరికా తపాలా శాఖ మొబైల్ బార్‌కోడ్ ముద్రించిన వ్యాపార ఉత్తరాలకు ఛార్జీలో 3 శాతం తగ్గింపు కూడా ఇచ్చింది. అదే ఏడాది దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, టెస్కో వారి హోంప్లస్ అనే దుకాణాల సంస్థ ఒక భూగర్భ రైలు స్టేషను గోడల మీద సరుకుల అలమరాల బొమ్మలు అతికించింది. ప్రయాణికుడు రైలు కోసం నిలబడి పాల డబ్బా బొమ్మ కింది కోడ్‌ను స్కాన్ చేస్తే, ఆ పాలు ఇంటికి వస్తాయి. దీనిలో గొప్ప ఎక్కడుంది? గోడ మీద ఉన్నది ప్రకటన కాదు, దుకాణమే. స్కాన్ చేసినవారికి దొరికేది సమాచారం కాదు, సరుకే. మనిషికి తీరిక ఉన్న చోట, ఫోను చేతిలో ఉన్న చోట, అతనికి ఎలాగూ చేయవలసిన పనిని ముందు పెట్టారు.

అయినా ఆ రోజుల్లో ఈ ప్రయత్నాలు చాలా చోట్ల నిలబడలేదు. కోడ్ చదవాలంటే ముందు వేరే యాప్ దింపుకోవాలి. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రకం కోడ్ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 2009లో రంగుల త్రికోణాలతో సొంత కోడ్‌ను ప్రవేశపెట్టి 2015లో మూసివేసింది. 2017లో ఆపిల్ తన ఫోను కెమెరాకే కోడ్ చదివే శక్తిని ఇచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ సదుపాయం వచ్చింది, యాప్ అవసరం తీరింది. అప్పటిదాకా మన దేశంలో ఈ పనిని మరొకటి చేసేది. ఏమిటో గుర్తుందా? మిస్డ్ కాల్. ప్రకటనలో ఒక నంబరు ఇచ్చేవారు, మిస్డ్ కాల్ ఇస్తే వారే తిరిగి ఫోను చేసేవారు. అది నిలవడానికి కారణం ఉంది. పైసా ఖర్చు లేదు, ఏ ఫోనైనా చాలు, జవాబు తప్పకుండా వచ్చేది. ఆ మూడో లక్షణాన్నే మన కోడ్‌లు పోగొట్టుకున్నాయి.

మన దగ్గర కోడ్‌ను చేతికి అలవాటు చేసింది చెల్లింపులే. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, ఆ నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి, 2017 ఫిబ్రవరిలో చెల్లింపుల ఉమ్మడి కోడ్ అయిన భారత్ క్యూఆర్ వచ్చింది. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క కోడ్ ఉండే గందరగోళం లేకుండా, అందరి యాప్‌లూ చదవగలిగే కోడ్‌లే ఉండాలని రిజర్వు బ్యాంకు 2020 అక్టోబరులో ఆదేశించింది. బడి పిల్లలకు కూడా ఇది కొత్త కాదు, రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోని పాఠాలకు దారి చూపే కోడ్‌లు ఉన్నాయి. అయితే పెద్దవారికి స్కాన్ అంటే ఇప్పటికీ డబ్బు వెళ్లడమే. మన ఊళ్లలో మీ ఫ్లెక్సీ మీద కోడ్ కనిపిస్తే మొదట వచ్చే ఆలోచన, "దీనికి డబ్బులు పోతాయేమో" అనేదే. అందువల్ల కోడ్ పక్కన పెద్ద అక్షరాల తెలుగులో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: స్కాన్ చేస్తే ఏమి కనిపిస్తుందో చెప్పే వాక్యం. "ధరల పట్టిక చూడండి", "మా కర్మాగారంలో ఖాళీలు చూడండి", "సర్వీసుకు సమయం తీసుకోండి". దాని కింద చిన్నగా, "ఇది చెల్లింపు కోడ్ కాదు". "స్కాన్ చేయండి" అని మాత్రమే రాసి వదిలేస్తే ఎందుకు చేయాలో చెప్పినట్టు కాదు కదా?

ఇక్కడ ఒకరు అడగవచ్చు, ఏమీ చెప్పకుండా కుతూహలం రేపితే ఎక్కువమంది స్కాన్ చేయరా అని. చేస్తారు. 2022 ఫిబ్రవరి 13న అమెరికాలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ పోటీ ప్రసారం మధ్యలో కాయిన్‌బేస్ అనే క్రిప్టో కరెన్సీ సంస్థ 60 సెకన్ల ప్రకటన ఇచ్చింది. చివరి క్షణాల దాకా నల్లని తెర మీద అటూ ఇటూ తిరిగే ఒక కోడ్ తప్ప మరేమీ లేదు. ఒక్క నిమిషంలో తమ పేజీకి 2 కోట్లకు పైగా తాకిడి వచ్చిందని సంస్థ వారే చెప్పారు. ఫలితం? వారి యాప్ కాసేపు కుప్పకూలింది. అంతమంది ప్రశ్న అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు చాలలేదు. అంత పెద్ద సంస్థ ఆ దెబ్బను తట్టుకోగలదు, మనలాంటివారు తట్టుకోలేరు. కుతూహలంతో ఒకసారి వచ్చి ఖాళీ చేతులతో వెళ్లిన మనిషి మన కోడ్‌ను రెండోసారి స్కాన్ చేయడు.

ఇంకొక సంఘటన దీనికంటే ముఖ్యమైనది. హైంజ్ సంస్థ కెచప్ సీసాల మీద లేబుల్ తయారీ పోటీ కోసం ఒక కోడ్ ముద్రించింది. పోటీ 2014లో ముగిసింది, ఆ వెబ్‌సైట్ పేరును సంస్థ పునరుద్ధరించలేదు. ఆ పేరును వేరెవరో కొనుక్కున్నారు. 2015లో జర్మనీలో ఒక వినియోగదారుడు తన ఇంట్లో ఉన్న సీసాను స్కాన్ చేస్తే అశ్లీల వెబ్‌సైట్ తెరుచుకుంది. సంస్థ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆలోచించండి. పోటీ ముగిసింది, కానీ సీసా ముగియలేదు. అది వంటింట్లో ఉంది. మీరు వేయించిన ఫ్లెక్సీ మీ ఆఫర్ ముగిసిన తర్వాత ఎన్ని నెలలు కరెంటు స్తంభానికి వేలాడుతుంది? మీ క్యాలెండరు ఎవరి గోడ మీద ఏడాది పొడవునా ఉంటుంది? అచ్చు మన చేతిలోంచి వెళ్లిన తర్వాత వెనక్కి రాదు. కోడ్ తీసుకువెళ్లే పేజీ మాత్రం మన చేతిలో ఉండాలి, అచ్చు బతికినంత కాలమూ ఉండాలి.

అందుకే స్థిరమైన కోడ్‌కూ మార్చుకోగల కోడ్‌కూ తేడా తెలుసుకోవాలి. స్టాటిక్ కోడ్ అంటే పేజీ చిరునామా కోడ్‌లోనే ఉంటుంది, ఇక మారదు. డైనమిక్ కోడ్‌లో మధ్యవర్తి చిరునామా ఒకటి ఉంటుంది, అది చూసేవారిని అసలు పేజీకి పంపుతుంది. అసలు పేజీని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, ఎంతమంది వచ్చారో లెక్క కూడా తెలుస్తుంది. బాగానే ఉంది. అయితే ఆ మధ్యవర్తి ఎవరు? ఇంటర్నెట్‌లో ఉచితంగా కోడ్ చేసి ఇచ్చే సేవల్లో కొన్ని, కొన్ని రోజులు గడిచాక చందా కట్టమంటాయి, కట్టకపోతే కోడ్‌ను ఆపేస్తాయి. పదివేల కరపత్రాలు పంచిన తర్వాత ఆ సందేశం వస్తే ఏమి చేస్తారు? మీ సొంత వెబ్‌సైట్ పేరు ఒకటి కొనుక్కోండి, మధ్యవర్తి చిరునామాను దాని మీదనే పెట్టుకోండి. ఏటా ఆ పేరును పునరుద్ధరించే బాధ్యతను ఒక మనిషికి అప్పగించండి. వెబ్‌సైట్ చేసిన కుర్రవాడు ఉద్యోగం మారితే పాస్‌వర్డు అతనితో వెళ్లిపోకుండా చూసుకోండి.

ఇక అచ్చు సంగతి. ఇది ప్రెస్ వారికి వదిలేసే విషయం కాదు. కోడ్‌ను ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో ఆ దూరంలో పదో వంతు వెడల్పు ఉండాలని వాడుకలో ఉన్న లెక్క. పది అడుగుల దూరం నుంచి చూసే బోర్డు మీద అడుగు వెడల్పు కోడ్, ముప్పై అడుగుల దూరం నుంచి చూసే హోర్డింగు మీద మూడు అడుగుల కోడ్. కోడ్ చుట్టూ, అందులోని చిన్న గళ్లు నాలుగింటి మేర ఖాళీ వదలాలి, అక్షరాలు, గీతలు అందులోకి రాకూడదు. తెలుపు మీద నలుపు అన్నిటికంటే మేలు. వేగంగా వెళ్లే బస్సు వెనుక, ట్రాఫిక్ మధ్యలో బండి నడిపేవారు మాత్రమే చూసే చోట కోడ్ పెట్టకండి, అది ప్రమాదం. బస్టాండులో, ఆసుపత్రి వెయిటింగు హాలులో, సర్వీసు సెంటరు కుర్చీల ఎదురుగా పెట్టండి.

చాలామంది కోడ్ మధ్యలో లోగో పెట్టమని అడుగుతారు. కోడ్‌కు తప్పును సరిదిద్దుకునే శక్తి ఉంటుంది, నాలుగు స్థాయిల్లో ఉంటుంది. దాదాపు 7, 15, 25, 30 శాతం దాకా సమాచారం చెడినా తిరిగి కూర్చుకుంటుంది. విడిభాగాల పెట్టెకు గ్రీసు అంటుతుంది, దుమ్ము పడుతుంది, చిరుగుతుంది, అయినా చదవగలగాలని పెట్టిన శక్తి అది. లోగో పెడితే ఆ శక్తిలో కొంత లోగోకే ఖర్చవుతుంది. ఆ తర్వాత ఎండకు ఫ్లెక్సీ వెలిసి, గాలికి చిరిగితే ఇక మిగిలేది తక్కువ. గది లోపల పెట్టే బోర్డుకు లోగో పెట్టుకోండి, ఎండావానలో ఉండేదానికి వద్దు.

తెలుగు విషయంలో ఒక సాంకేతికమైన జాగ్రత్త చెప్పాలి, ఇది మన భాషవారికి ప్రత్యేకంగా అవసరం. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే కంప్యూటరు ఒక్కొక్క తెలుగు గుర్తును తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మార్చి రాసుకుంటుంది. అందులో గుణింతపు గుర్తు కూడా వేరుగా లెక్కకు వస్తుంది. "విజయవాడ" అన్న మాట చిరునామాలో 63 గుర్తులు అవుతుంది. గుర్తులు పెరిగితే గళ్లు పెరుగుతాయి. అతి చిన్న కోడ్‌లో వరుసకు 21 గళ్లు, అతి పెద్దదానిలో 177. గళ్లు పెరిగేకొద్దీ సన్నబడతాయి, తక్కువ ధర ఫోను కెమెరా వాటిని చదవలేదు. కాబట్టి చిరునామాను చిన్నదిగా ఇంగ్లీషులో ఉంచండి, తెలుగును పేజీ మీద ఉంచండి. దయచేసి దీన్ని తలకిందులు చేయకండి. చిరునామా ఇంగ్లీషులో ఉందని పేజీ కూడా ఇంగ్లీషులో పెడితే, కోడ్ పక్కన తెలుగులో ఇచ్చిన మాట తప్పినట్టే.

కోడ్‌తో మరొక పెద్ద పని చేయించవచ్చు, దానిని మన వ్యాపారులు ఇంకా పూర్తిగా గుర్తించలేదని నాకు అనిపిస్తుంది. కోడ్ మన మాటకు సాక్ష్యం కాగలదు. మహారాష్ట్రలో ఇళ్లు అమ్మే ప్రకటనలన్నిటి మీదా ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ వివరాలు చూపే కోడ్ ఉండాలని అక్కడి స్థిరాస్తి నియంత్రణ సంస్థ మహారెరా 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. అదే రోజు నుంచి దేశమంతటా 300 మందుల బ్రాండ్ల ప్యాకింగు మీద తయారీదారు, బ్యాచి, గడువు తేదీ వంటి వివరాలు తెలిపే బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి అయింది. బిల్డరు గొప్పగా చెప్పుకున్నది వేరు, ప్రభుత్వ రికార్డులో ఉన్నది వేరు అయితే కొనేవారికి ఒక్క స్కాన్‌తో తెలుస్తుంది. చట్టం అడిగే దాకా ఆగడం ఎందుకు? మీరు అమ్మే విడిభాగం అసలైనదైతే, మీ పచ్చడికి లైసెన్సు ఉంటే, మీ బంగారానికి హాల్‌మార్క్ ఉంటే, ఆ రుజువు దగ్గరికే కోడ్‌ను నడిపించండి. పొగడ్తల వీడియో కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

లెక్కల గురించి క్లుప్తంగా చెబుతాను. పత్రిక ప్రకటనకు ఒక కోడ్, కరపత్రానికి ఒకటి, కౌంటరుకు ఒకటి, ఇలా వేర్వేరుగా పెట్టుకుంటే ఎక్కడి నుంచి ఎవరు వస్తున్నారో తెలుస్తుంది. స్కాన్ల సంఖ్యను చూసి సంతోషించకండి. స్కాన్ చేసినవారిలో ఫోను చేసినవారు ఎందరు, దుకాణానికి వచ్చినవారు ఎందరు, అదే లెక్క.

ఉద్యోగ నియామకాల సంగతి

ఇప్పటిదాకా చెప్పినది సరుకు గురించి. ఇప్పుడు మనుషుల గురించి చెప్పాలి. ప్లేస్‌మెంట్ అధికారులు, పరిశ్రమల వారు ఇద్దరూ ఒకే హాలులో కూర్చోవడం అరుదు, అందుకే ఈ భాగం మీద ఎక్కువ సమయం తీసుకుంటాను. సరుకు కొనేవాడు నిరాశపడితే పక్క దుకాణానికి వెళ్తాడు. ఉద్యోగం వెతుక్కునే మనిషి నిరాశపడితే అతనికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, ఇంట్లో చెప్పుకోలేని బాధ మిగులుతుంది. కాబట్టి ఇక్కడ మన బాకీ ఇంకా పెద్దది.

జాబ్ మేళాలు మీరు చూస్తూనే ఉన్నారు. ఒక్కొక్క స్టాలు ముందు బయోడేటా కట్టలు, వరుసలు, సాయంత్రానికి అట్టపెట్టెల నిండా కాగితాలు. ఆ కాగితాల్లో ఎన్నిటిని ఎవరైనా తిరిగి తీసి చదువుతారు? స్టాలు ముందు ఒక కోడ్ పెట్టి, అయిదు ప్రశ్నల ఫారం ఇస్తే ఆ వివరాలు నేరుగా పట్టికలోకి చేరతాయి. పేరు, ఫోను నంబరు, చదువు, పని అనుభవం, ఏ ఊరు. అయిదు చాలు. ఆధార్ నంబరు, పాన్, బ్యాంకు ఖాతా, కులం, పెళ్లి వివరాలు మొదటి స్కాన్‌లో ఎందుకు? పిలవబోయేది పది మందినైతే వెయ్యి మంది ఆధార్ కాపీలు మీ దగ్గర పెట్టుకుని ఏమి చేస్తారు? 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం ప్రకారం, ఏ వివరాలు ఎందుకు అడుగుతున్నారో ముందే తెలియజేయాలి, ఆ సమాచారాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో చదువుకోవడం మన అభ్యర్థి హక్కు. మీ ఫారం పైన రెండు వాక్యాల తెలుగు ఉండాలి: ఈ వివరాలు దేనికి వాడతాం, ఎన్నాళ్లు ఉంచుతాం.

ఇంకొక మాట. మీకు కావలసింది వెల్డరు, టర్నరు, టైలరు, డ్రైవరు అయితే వారికి బయోడేటా ఉండదు, ఫారం నింపే అలవాటూ ఉండదు. వారి కోసం కోడ్‌ను వాట్సాప్‌కు కలపండి. స్కాన్ చేయగానే మీ సంస్థ నంబరుతో చాట్ తెరుచుకుంటుంది, "వెల్డరు ఉద్యోగం గురించి" అన్న మాటలు ముందే రాసి ఉంటాయి, అతను పంపితే చాలు. ఆ తర్వాత వాయిస్ మెసేజిలో తన పని గురించి చెప్పమనండి. చేసిన పని ఫోటో పంపమనండి. పదేళ్లుగా గేట్లు, గ్రిల్స్ చేస్తున్న మనిషికి తన పని గురించి మాట్లాడడం వచ్చు, ఇంగ్లీషు ఫారంలో పెట్టెలు నింపడం రాదు. ఫారం నింపడం రాలేదని అతన్ని పోగొట్టుకుంటే నష్టం ఎవరికి?

పరీక్షను కోడ్‌లోనే పెట్టినవారు కూడా ఉన్నారు. ఇస్తాంబుల్‌లో ఒక పచ్చబొట్ల దుకాణం కళాకారుల కోసం ఇచ్చిన ప్రకటనలో కోడ్ గళ్లను ఖాళీగా వదిలింది. వాటిని చేత్తో శుభ్రంగా నింపితేనే ఫోను చదువుతుంది, అప్పుడే దరఖాస్తు ఫారం తెరుచుకుంటుంది. చెయ్యి వణికేవారికి ఆ ఉద్యోగం పనికిరాదు, వారికి ఫారమే రాదు. చమత్కారం కోసం చేసినది కాదు అది. ఆ ఉద్యోగానికి కావలసిన నేర్పు ఏదో దానినే అడిగారు. మీరు అకౌంట్స్ మనిషి కోసం చూస్తుంటే కోడ్ వెనుక ఒక చిన్న బిల్లు పెట్టి, అందులో జీఎస్‌టీ లెక్క సరి చూడమనండి. సేల్స్ మనిషి కావాలంటే ఒక నిమిషం మాట్లాడి పంపమనండి.

స్కాన్ చేసిన పేజీలో ఏమి ఉండాలి? జీతం ఎంతో అంకెల్లో ఉండాలి. "ఆకర్షణీయమైన వేతనం" అన్నది జవాబు కాదు. షిఫ్టు సమయాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, పని చోటు ఎక్కడ, బస్సు ఉందా, ఆడపిల్లలకు వసతి ఉందా, ఎవరితో మాట్లాడాలి, ఎప్పటిలోగా చెబుతారు. ఇవి రాసే ధైర్యం లేకపోతే కోడ్ పెట్టకండి. దరఖాస్తు అందిన వెంటనే అందిందని సందేశం వెళ్లాలి. ఎంపిక కాకపోతే కాలేదని కూడా చెప్పాలి. మన దగ్గర ఎంపిక కానివారికి ఎవరూ ఏమీ చెప్పరు, ఎదురుచూస్తూ వారాలు గడిచిపోతాయి. ఒక్క సందేశం పంపడానికి ఎంత ఖర్చవుతుంది? ఖాళీ భర్తీ అయితే అదే రోజు పేజీలో "ఈ ఉద్యోగం భర్తీ అయింది" అని తేదీతో రాయండి. గేటు మీది బోర్డు తీయడం ఆలస్యమైనా పేజీ ఆలస్యం కాకూడదు.

కోడ్ ఒక్కటే దారిగా పెట్టకండి. కీప్యాడ్ ఫోను వాడేవారు ఇంకా ఉన్నారు. ఇంట్లో ఒక్క ఫోనే ఉండి అది భర్త చేతిలోనో అన్న చేతిలోనో ఉండే ఆడవారు ఉన్నారు. కోడ్ ఎక్కడుందో చూడలేని అంధులు ఉన్నారు. కోడ్ కింద ఫోను నంబరు, చిన్న వెబ్ చిరునామా కూడా ముద్రించండి. వాట్సాప్‌లో తిరిగే పోస్టరుకు ఇది మరీ ముఖ్యం. పోస్టరు తన ఫోనులోనే ఉన్నప్పుడు అదే ఫోను కెమెరాతో దానిని స్కాన్ చేయడం ఎలా? లింకు ఉంటే నొక్కుతారు.

చివరగా మోసాల గురించి. ఇది చెప్పకుండా నేను ఈ వేదిక దిగలేను. 2022 జనవరిలో టెక్సస్ రాష్ట్రంలో పార్కింగు మీటర్ల మీద దుండగులు తమ కోడ్ స్టిక్కర్లు అంటించి డబ్బు కాజేస్తున్నట్టు బయటపడింది, అదే నెలలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇలా మార్చి అంటించే కోడ్‌ల గురించి హెచ్చరిక జారీ చేసింది. స్టిక్కరు అంటించడం అంత సులువు. మీ గేటు మీది నియామక పోస్టరు మీద కూడా ఎవరైనా అంటించవచ్చు. సెక్యూరిటీ మనిషికి రోజూ ఉదయం దానిని స్కాన్ చేసి చూసే పని అప్పగించండి. పేజీ తెరవగానే మీ సంస్థ పేరు, చిరునామా, ల్యాండ్‌లైన్ నంబరు పైనే కనిపించాలి, సరి చూసుకునేవారికి వీలుగా.

ఉద్యోగ ప్రకటన మీద యూపీఐ కోడ్ ఉండనే కూడదు. రిజిస్ట్రేషన్ ఫీజు అనీ, యూనిఫారం డిపాజిట్ అనీ, లాప్‌టాప్ అడ్వాన్సు అనీ కోడ్ పంపి డబ్బు అడిగితే అది మోసం అని మీ విద్యార్థులకు ప్రతి బ్యాచిలోనూ చెప్పండి, అమ్మా. జీతం అడ్వాన్సు వేస్తాం, కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవరైనా అంటే, మనకు డబ్బు రావడానికి స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు అని చెప్పండి. మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. గల్ఫ్ ఉద్యోగాల పేరుతో జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు తిరిగే కరపత్రాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. విదేశాలకు పనివారిని పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. నిజాయితీగా ఆ పని చేసే ఏజెంట్లు ఇక్కడ ఎవరైనా ఉంటే మీ కరపత్రం మీద రిజిస్ట్రేషన్ నంబరు పెద్దగా వేయండి, అభ్యర్థి దానిని ఈ-మైగ్రేట్‌లో తానే సరి చూసుకోవాలని పక్కనే రాయండి.

ఇప్పుడు మీరు తెచ్చుకున్న కరపత్రాలు, విజిటింగ్ కార్డులు, జాబ్ పోస్టర్లు బల్లల మీద పెట్టండి. మీ కోడ్‌ను మీరు కాకుండా, పక్కన కూర్చున్నవారు వారి ఫోనుతో స్కాన్ చేయాలి. వైఫై ఆపి, మొబైల్ డేటా మీదనే చూడండి, ఎందుకంటే మీ వినియోగదారుడు చూసేది అలాగే. ఎవరి పేజీ తెరుచుకోలేదో, ఎవరి పేజీ తెలుగులో లేదో వారిది ముందు ఇక్కడికి పంపండి, ఒక్కొక్కటిగా తీసుకుందాం.